ఫ్యాన్ ఆగితే

చప్పుడైతే అందరికీ మెలకువ వస్తుంది, ఎల్లేశానికి చప్పుడు ఆగితే వస్తుంది. నస్పూర్ కాలనీలో ఈ సంగతి చెప్పుకుని నవ్వనివాళ్లు లేరు. నవ్వేవాళ్లకేం, నవ్వుతారు.

తప్పు ఆయనది కాదు, బొగ్గుబాయిది. లోపల గాలి ఆడాలంటే పైన పెద్ద ఫ్యాన్ తిరుగుతుండాలి. అది ఆగిందా, ఎక్కడి పని అక్కడ వదిలేసి అందరూ పైకి రావాలి. బాయిలో దిగిన మొదటిరోజే, పని చూసే సర్దారు చెప్పిన మాట. అప్పటినుంచి ఎల్లేశం ఎక్కడున్నా ఆయన చెవి మాత్రం డ్యూటీలోనే ఉంటుంది.

అట్లాంటి మనిషికి నవ్యశ్రీ పుట్టింది. నెలలు నిండకముందే తొందరపడి వచ్చేసింది, ఊపిరితిత్తులు మాత్రం వెనకబడ్డాయి. డాక్టర్లు మెడకు చిన్న గొట్టం పెట్టి, దానికి రాత్రింబగళ్లు చప్పుడు చేసే ఊపిరి మిషను తగిలించి, ఎట్లా చూసుకోవాలో తల్లి జ్యోతిరాణికి నేర్పి ఇంటికి పంపారు. పిల్ల ఆ మిషనుతోనే బోర్లా పడింది, కూర్చుంది, అలగడం నేర్చింది. గొంతు మాత్రం రాలేదు. ఊపిరి మెడ దగ్గరే బయటికి పోతుంటే మాటెక్కడిది? చేతులతోనే ఇల్లంతా ఏలేది. బాపు షిఫ్టు దిగి రాగానే వేలు గిరగిరా తిప్పి, ఠక్కున ఆపి, కనుబొమ్మలు ఎగరేసేది. ఫ్యాన్ ఆగితే ఏం చేస్తావని ప్రశ్న.

"ఇంకేం జేస్త బిడ్డా, పైకొస్త" అనేవాడు ఎల్లేశం. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

పిల్లకు ఐదేళ్లు దాటాక, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నాడు డాక్టరు. మెలకువగా ఉండి ఆడుకునేటప్పుడు కాసేపు మిషను తీసి, మెల్లమెల్లగా ఆ సేపు పెంచమన్నాడు. ఆసుపత్రి నుంచి షారోన్ సిస్టర్ వచ్చి, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, దగ్గరుండి మిషను తీసింది. పిల్ల బొమ్మతో ఆడుతూనే ఉంది. పెరట్లో కాళ్లు కడుగుతున్న ఎల్లేశం చెంబు పారేసి ఉరికొచ్చి గొట్టం మళ్లీ తగిలించాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు తీసినా అంతే.

"గిట్ల జేస్తే పిల్ల సొంతంగ ఊపిరి తీసుడు ఎప్పుడు నేర్వాలె ఎల్లేశమన్నా?" అని కసిరింది సిస్టర్.

"చప్పుడు బందైతే నా చేతులు నా మాట ఇంటలేవు సిస్టరమ్మా" అన్నాడు. నిజమే చెప్పాడు పాపం. జ్యోతిరాణికి మాత్రం ఏడుపొచ్చింది. తోటిపిల్లలు బడికి పోతుంటే తన బిడ్డ కిటికీ దగ్గరే ఉండిపోవాలా?

ఇక ఆయన డ్యూటీకి పోయాకే సిస్టర్ రావడం మొదలుపెట్టింది. మిషను లేకుండా ఆడుకునే సేపు పెరిగింది. ఊపిరి నోటి గుండా పోయేట్టు మెడ గొట్టానికి చిన్న మూత కూడా పెట్టారు. ఆయనకు చెబితే సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటాడని ఎవరూ నోరు విప్పలేదు.

ఒకరోజు ఎల్లేశం అనుకోకుండా పెందలాడే వచ్చాడు. గడపలో కాలు పెట్టాడో లేదో, ఇంట్లో మిషను చప్పుడు లేదు. టిఫిను డబ్బా జారిపోయింది. లోపలికి ఉరికి మిషను గొట్టం అందుకున్నాడు. నవ్యశ్రీ రెండు చేతులతో ఆ చెయ్యి పట్టి ఆపింది. వేలు గిరగిరా తిప్పింది, ఠక్కున ఆపింది.

"ఫ్యాన్ ఆగింది బాపూ" అంది. సిస్టర్ దగ్గర గుట్టుగా నేర్చిన మాట, గరగరలాడే కొత్త గొంతు. "నేను పైకొచ్చిన."

ఎల్లేశం చేతిలోని గొట్టం కిందపెట్టి బిడ్డ ముందర కూర్చున్నాడు.

"మల్లొక్కసారి అను బిడ్డా" అన్నాడు.