పటం మీద పెట్టిన జీతం

"సావుకారు డబ్బిచ్చినాడా లేదా, ఒక్క మాట సెప్పండి."

"ఇయ్యలేదే. ఈ రోజు గట్టిగా అడుగుతాను. నా మీద నమ్మకం లేదేటి నీకు?"

"నమ్మకముంటే అడుగుతానేటి?"

మా ఆయనకీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. సైకిలెక్కి గోల్‌బజార్ వైపు వెళ్లాడు. దుకాణం చేరకముందే గుండె పట్టేసింది. రిక్షాలో పడుకోబెట్టి ఇంటికి తెచ్చారు. అందరూ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే చొక్కా జేబు తడిమాను. ఏమీ లేదు. రాయి అమ్మీ, కలం ఆపకు. సిగ్గుపడాలంటే నేను పడాలి, నువ్వెందుకు.

ఆయన కంపౌండరు. పరీక్ష పాసైన కంపౌండరే గానీ ఏ దుకాణంలోనూ పర్మినెంటు కాదు. గోల్‌బజార్ మందుల దుకాణాల్లో పనిచేసేవాళ్లు పెళ్లికో జబ్బుకో ఊరికి వెళ్తే వాళ్ల బదులు ఈయన నిలబడేవాడు. అందుకే బదిలీ కంపౌండరు అనేవారు. అరకు మందు కలపడం, సీసాకి కాగితం పట్టీ కత్తిరించి అంటించడం, పూటకి ఎంత తాగాలో దాని మీద గాట్లు పెట్టడం ఆయన పని. చేతులెప్పుడూ మందు వాసన వేసేవి. అన్నం కలిపినా ఆ వాసన పోయేది కాదు.

ఈ బెంగాలీల ఊళ్లో, మా వీధిలో సగం మంది రైల్వే వర్క్‌షాపు వాళ్లు. వాళ్లకి జీతం రోజని ఒకటుండేది. ఆ సాయంత్రం వీధంతా చేపల పులుసు వాసన. మాకు ఆ రోజనేదే లేదు. రేపంటాడు, మంగళవారం వద్దంటాడు, పూజల తర్వాతంటాడు. అనేది సావుకారని ఆయన చెప్పేవాడు. ఆ సావుకారు నిజంగా అన్నాడో, ఈయనే అల్లి చెప్తున్నాడో నాకేం తెలుసు? ఆయన స్నానానికి వెళ్తే సంచి చూసేదాన్ని. సైకిలు సీటు కింద కూడా చూశాను. తాగుడు లేదు, పేకాట లేదు. మరి డబ్బు ఎటు పోతుంది? మీ అమ్మకి పోతుందని నా అనుమానం. ఆయనకి అక్క అంటే, మీ అమ్మంటే, ప్రాణం. ఇది కూడా రాయి.

పరీక్ష పాసైన మనిషి సర్టిఫికెట్టు గోడ మీద లేకపోతే మందుల దుకాణం తెరవకూడదని సర్కారు రూలు. మా ఆయన తన కాగితానికి అద్దం కట్టించి పటం చేయించుకున్నాడు. పని మొదలైన రోజు దాన్ని చంకన పెట్టుకెళ్లి సావుకారు చేతికిస్తే, ఆ సావుకారే దుకాణం గోడ మేకుకి తగిలించేవాడు. పని ముగిసిన రోజు దించేది కూడా సావుకారే. మన కోస్తా వైపు నుంచి వచ్చిన ఆ సావుకార్లకి ఒక పట్టింపు ఉండేది. పని తెంచుకుని వెళ్లే మనిషికి డబ్బు చేతికి చెయ్యి తగిలేలా ఇవ్వకూడదు, ఇస్తే దుకాణం లక్ష్మి ఆ మనిషి వెంట నడిచిపోతుందట. అందుకని పటాన్ని పళ్లెంలా పట్టుకుని, దాని మీద డబ్బు పెట్టి, రెండూ కలిపి ఇచ్చేవారు. మా ఇంట్లో పటం దండెం కింద మేకుకి కనబడిందంటే లెక్క తెగి డబ్బు ముట్టినట్టు.

ఈ ఆఖరి దుకాణంలో పాత కంపౌండరు ఊరెళ్లి, ఇక రానని కబురు పంపాడు. మా ఆయన కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. ఒక్క నెల జీతం కూడా సరిగా అందలేదు. ఇక చెయ్యను, లెక్క తెంచమని రోజూ అడుగుతున్నానని నాతో అనేవాడు. అడుగుతున్నాడో లేదో అని నేను ఆయన మొహం చూసేదాన్ని.

పోయాక, పెద్ద దినం ఇంకా కాకుండానే సావుకారు పరామర్శకి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. డజను పైనే ఉంటాయి. జీతం అడిగితే చిల్లర వెతుక్కునే మనిషి అన్ని బత్తాయిలు తెచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. మీ అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది.

"దేవుడులాంటి మనిషమ్మా," అన్నాడు. "లెక్కంతా ఆయన పోయే ముందటి శనివారమే ఇచ్చేసినాను. ఇంట్లో సెప్పలేదేటి?"

నేను మీ అమ్మ వైపు చూశాను.

"నన్నేటి సూస్తావు?" అంది మీ అమ్మ. "నా సేతికేటి ఇచ్చినాడా?"

"నానేటన్నానొదినా? సూసినాను, అంతే."

"నీ సూపు నాకు తెల్దేటి. పెళ్లైన కాణ్ణించి అదే సూపు."

సావుకారు మధ్యలో చెయ్యి ఊపాడు. "గొడవెందుకమ్మా. నాకొక్క కోరిక. ఆ పటం మా దుకాణంలోనే ఉండనియ్యండి. దండేసినాను. పొద్దున్నే అగరొత్తు ఎలిగిస్తన్నాను. మా ఇంటి మనిషనుకుంటాను."

మీ అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని బావురుమంది. తమ్ముడికి దండ అనేసరికి ఆవిడ కరిగిపోయింది. నేను కరగలేదు. మనిషి ఫొటో వదిలేసి సర్టిఫికెట్టుకి దండ వేసేవాణ్ని నేనెక్కడా చూడలేదు. అప్పుడు తట్టింది. లెక్క తెంచితే పటం వెళ్లిపోతుంది, పటం వెళ్తే దుకాణం మూయాలి. అందుకే రేపు, మంగళవారం, పూజల తర్వాత.

"సావుకారూ," అన్నాను, "పటం మీ గోడ మీదే ఉంది గదా. మరి శనివారం డబ్బు దేని మీదెట్టి ఇచ్చినారు?"

ఆయన బత్తాయిల వైపు చూశాడు. "సేతికే ఇచ్చినాను."

"పని తెగేటప్పుడు సేతికిస్తారేటి మీ వోళ్లు?"

"పని తెగలేదమ్మా. ఇంకా సేస్తన్నాడనే అనుకున్నాను."

"అయితే పోయినోడు ఇప్పటికీ మీ దగ్గర సేస్తన్నట్టే గదా. గోడమీదుండి దుకాణం నడిపిస్తన్నాడు. ఆ జీతం కూడా ఎయ్యండి."

మీ అమ్మ ఏడుపు ఆపేసింది. ముక్కు తుడుచుకుని, "అవునుగదా," అంది. ఆ పూట ఆవిడ నా వైపు అన్న మాట అదొక్కటే. సావుకారు మర్నాడు లెక్క చూస్తానని లేచాడు. నేను మర్నాడనే మాటని నమ్మలేదు.

నెల తిరగకుండా గడప దాటకూడదని పెద్దవాళ్లు అన్నారు. దాటాను. తెల్లారి మీ అమ్మని వెంటపెట్టుకుని గోల్‌బజార్ వెళ్లి దుకాణం మెట్టు మీద కూర్చున్నాను. లోపలికి పోలేదు, గొంతు ఎత్తలేదు. మొగుడు పోయి మైల గుడ్డ కట్టుకున్న మనిషి మెట్టు మీద కూర్చుంటే మందు కొనడానికి వచ్చినవాడు రెండో మెట్టు ఎక్కడు. ఒక బెంగాలీ ముసలాయన సీసా పట్టుకుని నిలబడి, "దాదా, ఎవరు పోయారు?" అని లోపలికి కేకేశాడు. "ఇక్కడ పనిచేసే కంపౌండరు," అని మీ అమ్మ జవాబిచ్చింది. మెల్లగా అనలేదు, నలుగురికీ వినపడేలా అంది. ముసలాయన గోడ మీది పటాన్నీ దండనీ చూశాడు. "మరి మందు కలిపేదెవరు?" అని అడిగాడు. ముసలాయన సీసా సంచిలో పెట్టుకుని ఎదుటి దుకాణానికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత సావుకారు స్టూలు వేసుకుని తనే పటం దించాడు. దండ తీయడం మరిచాడు. పటం మీద నోట్లు పెట్టి, నా చెయ్యి తగలకుండా చాచాడు. నేను కొంగు పట్టాను. పైకం సరిగా ఉందా అని మీ అమ్మ మూడుసార్లు చూసింది. నా కంటే ఆవిడకే అనుమానం ఎక్కువ.

తిరిగి వస్తుంటే, "సూసినావా, నా తమ్ముడు అబద్ధమాడలేదు," అంది.

"ఈ సావుకారు దగ్గర ఆడలేదు," అన్నాను.

ఎందుకంటే అంతకుముందు పటం ఇంటికొచ్చిన దుకాణాలు కూడా ఉన్నాయి. లెక్క తెగింది, పటం మేకుకి ఎక్కింది, డబ్బు మాత్రం మా ఆయన ముందు చెప్పినదానికన్నా తగ్గింది. అలా తగ్గిన ఏడాదే మీ ఇంటి కప్పుకి కొత్త రేకులు పడ్డాయి. అడిగితే మీ అమ్మ తమలపాకు నములుతూ నవ్వుతుంది. ఆయన్ని అడగడానికి లేదు. ఆ రోజు పొద్దున్న నన్ను నమ్మకం లేదేటి అని అడిగిన మాటకి సగం జవాబు దొరికింది. మిగతా సగం రేకుల కింద ఉంది.

అంతే. కలం కింద పెట్టు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు గానీ నీ గొలుసు రాత చదవడం రాదు. మీ అమ్మ మాట వచ్చిన ప్రతి చోటా నీ చెయ్యి నెమ్మదించింది, నేను చూస్తూనే ఉన్నాను. ఏదీ, మొదట్నుంచీ పైకి చదువు. రేకుల మాట రాశావో లేదో వింటాను.