నాకంటే ముందే ఊరు చేరిన నా నీళ్ళు

"అక్కా, మన చెరువు మరవ పారతా ఉండాది. శుక్రవారం గంగమ్మకు పొంగలి పెడతాము, రా" అని మునెమ్మ ఫోను చేసింది. మునెమ్మ నా యారాలు, మా మరిది భార్య. కోలారు పక్క పల్లెలో సేద్యం చేస్తుంది. చెరువు నిండి, కట్ట చివరనున్న రాతి గోడ మీదుగా పొర్లితే మా వైపు దాన్ని మరవ పారడం అంటారు. మా మరిది బతికినన్నాళ్ళూ బోర్లు వేయించాడు. ఒక్కొక్కటీ కొన్నాళ్ళు నీళ్ళు పోసేది, తర్వాత దుమ్ము పోసేది. ఆఖరికి మంచంలో పడి మొక్కుకున్నాడు, మరవ పారిన నాడు ఆ నీళ్ళతోనే గంగమ్మకు పొంగలి వండిస్తానని. వండేది పెళ్ళామే కనుక మగవాళ్ళ మొక్కులు ధారాళంగా ఉంటాయి. ఆయన పోయాడు, మొక్కు మునెమ్మకు మిగిలింది.

ఇప్పుడు చెరువు నిండింది. వానల వల్ల కాదు, మా వల్ల. బెంగుళూరులో మేము స్నానాలకు, అంట్లకు, పేరు చెప్పకూడని పనులకు వాడి వదిలిన నీళ్ళను శుద్ధి చేసి, గొట్టాల్లో కోలారు చెరువులకు పంపుతున్నారు. అంటే మహదేవపురలో నేను ఒంటిమీద పోసుకున్న నీళ్ళు నాకంటే ముందే మా అత్తగారి ఊరు చేరాయి, ఎవరూ పిలవకుండానే. ఇక పిలిచాక నేను పోకపోతే బాగుండదు కదా.

వెళ్ళదలచినవాళ్ళు బెంగుళూరు టిన్ ఫ్యాక్టరీ స్టాపులో పొద్దున్నే కోలారు బస్సు ఎక్కండి. ఆలస్యమైతే హొసకోట దాకా లారీల వెనకభాగాలు చదువుకుంటూ పోవాలి. మామూలు బస్సులో కర్ణాటక ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. నేను కండక్టరుకు నా తెల్లజుట్టు చూపించాను. అది ఏ రాష్ట్రానిదో తెలియదు, ఆధార్ చూపించమన్నాడు. గంటన్నర ప్రయాణం. దారి పొడవునా నీలగిరి తోపులు, మధ్యమధ్య కట్టెలకు ఎగబాకిన టమాట తోటలు. మా ఊరి చెరువుల నీళ్ళు చేరవలసింది పాలారు నదికి. పై చెరువు మరవ పారితే కింది చెరువు, అది నిండితే దాని కిందిది, అలా గొలుసుగా నది దాకా. పేరులో పాలున్న ఆ నదిలో, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ నీళ్ళు కూడా సరిగ్గా చూడలేదు.

కోలారు బస్టాండు బయట షేర్ ఆటో ఎక్కాను, నలభై రూపాయలు. డ్రైవరు కుర్రవాడేమీ కాదు, నెరిసిన మీసం.

"బెంగుళూరా అవ్వా? అయితే మీ నీళ్ళే మాకు వచ్చేది."

"బాగుండాయా?"

"టమాట బాగుండాది. నేను మీ బెంగుళూరు బెళ్ళందూరులో సెంట్రింగు పని చేస్తాంటి. బోర్లకు నీళ్ళెక్కినాక ఊరికి వచ్చేసినా."

"మరి తాగుతారా?"

"యాల తాగేది? మీరు తాగతారా?"

చెరువు దగ్గర దిగాను. వంగి వాసన చూశాను. పచ్చిగడ్డి వాసన, చేపల వాసన, అంతే. మరవ మీద నీళ్ళు పల్చగా, ఎండలో మెరుస్తూ జారుతున్నాయి. చూడని కళ్ళు లేవు ఆ ఊళ్ళో. మునెమ్మ మూడు రాళ్ళు పెట్టి, కొత్త కుండకు పసుపు రాసి, బియ్యం, బెల్లం పక్కన పెట్టుకుని కూర్చుంది. ఖాళీ బిందె ఒళ్ళో ఉంది. ఎదురుగా ఆమె మేనకోడలు రత్న, ఇరవై లీటర్ల ఫిల్టరు నీళ్ళ క్యాను మీద చెయ్యివేసి నిలబడింది.

"వద్దత్తా. ప్రసాదం పసిపిల్లోళ్ళు తింటారు. క్యాను నీళ్ళు పోయి."

"మొక్కింది మరవ నీళ్ళకే. క్యానుకు మొక్కుంటే యీపాటికి నూరు సార్లు తీరిపోయుండు!" అని కసిరి, మునెమ్మ నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు బడిలో కెమిస్ట్రీ చెప్పినావు కదా. బాగా మరగబెడితే?"

  మరిగిస్తే పురుగు చస్తుంది, నీళ్ళలో కరిగినవి కుండలోనే ఉంటాయి. ఇవి నేలలోకి ఇంకడానికి వదిలిన నీళ్ళే గాని, వండుకోవడానికి కాదు.

"వద్దు మునెమ్మా" అన్నాను.

మునెమ్మ ఖాళీ బిందె పక్కన పెట్టింది. క్యాను నీళ్ళు పోసి పొంగలి వండింది. పొంగింది. ఆడవాళ్ళు కేకలు వేశారు. పసుపు కుంకుమలు నీళ్ళలో వదిలారు. అప్పుడు మునెమ్మ క్యానులో మిగిలిన నీళ్ళు చెంబులోకి వంచుకుని, మరవ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా పారే నీళ్ళలో పోసింది.

"ఏందే అది?"

"ఆ గంగమ్మ తాగేదానికి. మీ ఊరందరి మురికి కడిగి, అంత దూరం నుంచి వచ్చింది. దప్పిక అయ్యుండదా అక్కా?"

తిరిగి వస్తుంటే ఆకులో పొంగలి కట్టి నా చేతిలో పెట్టింది. తను ముట్టలేదు.

"మొక్కు తీరలేదక్కా. వాననీళ్ళకు పారినప్పుడు మళ్ళీ పెడతా. నేనుంటే."

బస్సులో నా ఒళ్ళో ఆ ఆకు వెచ్చగా ఉంది. ఆ నీళ్ళు రాకపోతే తోటలు లేవు, డ్రైవరు బెళ్ళందూరులోనే ఉండేవాడు, కాబట్టి తిట్టడానికి నాకు నోరు రాలేదు. కానీ చెరువు నిండా నీళ్ళు పెట్టుకుని, ఒక ఆడది కుండెడు నీళ్ళకు క్యాను ముందు చెయ్యి చాచింది. మంచి నీళ్ళు మేము తాగి, మిగిలినవి వాళ్ళకు పంపాం. ఇంటికి వచ్చి కొళాయి తిప్పి, చాలాసేపు చెయ్యి కడుక్కోకుండా నిలబడ్డాను.

వెళ్ళేవారికి ఒక్క మాట: తాగే నీళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. ఒక చెంబెడు ఎక్కువ పట్టుకెళ్ళండి.