అక్క చెప్పిన ఉపకక్ష్య

నా చిన్నప్పుడు, వానలు మొహం చాటేసిన ఒక ఏడు, మా చేలన్నీ ఎండిపోయి బావి కింది సజ్జచేను ఒక్కటే మిగిలింది. దాన్ని పిచ్చుకలు తినేస్తే మాకు గంజి కూడా దొరకదు. అందుకని మా నాయన నన్నూ, పక్కింటి అక్కనూ మంచె ఎక్కించి, చేతికి రాళ్ళు విసిరే ఒడిసెల ఇచ్చేవాడు.

అక్క అనంతపురం కాలేజీలో సైన్సు చదువుతూ, కరువు దెబ్బకు ఏడాదికే ఇంటికి వచ్చేసింది. ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా? పోయి ఏం సాధించావని ఎదురుపడిన ప్రతివాళ్ళూ అడిగేవాళ్ళు. అక్క మాట్లాడటమే తగ్గించేసింది. పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేస్తానని వాళ్ళమ్మతో అందని తెలిసి నాకు ఏడుపొచ్చింది.

ఒకనాడు పొద్దున నాయన సద్దితో పాటు పంచాయతీ రేడియోలో విన్న వార్త కూడా మోసుకొచ్చాడు. ఎవరో రాకెట్టులో అంతరిక్షం దాకా పోయి, కాసేపటికే దిగి వచ్చాడట. భూమిని ఒక్క చుట్టు కూడా తిరగలేదట.

"ఈ మాత్రం దానికి పోయినట్లా?" అని నాయన నవ్వాడు.

అక్క ఒడిసెలలో రాయి పెట్టి ఆకాశంలోకి విసిరింది. అది చుక్కంతయి, పైన ఒక్క క్షణం ఆగినట్లే ఆగి, పక్క బీడులో పడింది. ఇట్లా పైకి పోయి దిగి రావడాన్నే ఉపకక్ష్య ప్రయాణమంటారని, ఇంగ్లీషులో సబ్ఆర్బిటల్ అంటారని చెప్పింది. రెండో రాయి వాలుగా విసిరితే గట్టు దాటింది. ఇంకా జోరుగా విసిరితే గుట్ట దాటుతుందట. జోరు పెంచుకుంటూ పోతే, రాయి కిందికి పడేకొద్దీ భూమి కూడా వంగిపోతుందట. రాయి పడుతూనే ఉంటుంది కానీ నేల తగలదు, అదే కక్ష్య అంది. పడమట వెలిసిపోయి కనిపిస్తున్న చందమామను చూపించి, అదీ అట్లా పడుతూనే ఉందంది. పిచ్చుకల సంగతే మరిచిపోయాను.

"చుట్టు తిరగకపోతే ఏం చిన్నాయనా," అంది అక్క. "ఆడికి పోయినాడు. భూమి వంపు కండ్లారా చూసినాడు. దిగొచ్చినంత మాత్రాన చూసింది పోతాదా?"

నాయన తల వంచుకుని సద్దిమూట విప్పాడు. "ఆ పుస్తకాలు ఎవురికీ ఇయ్యొద్దమ్మా. మా పాపకు చెప్పు," అన్నాడు.

ఆ పుస్తకాలతోనే నేను చదువుకుని టీచరునయ్యాను. ఇప్పుడు టీవీలో ఎవరైనా అట్లా పోయి వస్తే, ఇదీ ఒక ప్రయాణమేనా అంటాడు మా మనవడు. ప్రయాణమే నాయనా అంటాను. చదువు మధ్యలో ఆగిపోయి ఊరికి తిరిగొచ్చిన పిల్లలు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటారు. ఎందుకు వచ్చేశావని నేను ఒక్కరినీ అడగను. పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడ ఏం చూశావో చెప్పమ్మా అంటాను.