తాండూరులో పదకొండు కేబుళ్లకు ఫెయిల్ రాసిన రోజు

నాది నెట్‌వర్క్ కేబుళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఉద్యోగం. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో గోడల లోపల లాగిన ఒక్కో లైనునూ టెస్టర్‌తో కొలిచి, పాస్ అయితేనే సంతకం పెడతాం. మొన్నటి వానాకాలంలో తాండూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం అక్కడ కొత్త వార్డు కట్టారు. నేను వెళ్లిన రోజుకు మర్నాడు పొద్దున్నే ప్రారంభం. కేబుళ్లకు సర్టిఫికెట్ లేనిదే మానిటర్లు అప్పగించేది లేదని వాటిని అమ్మిన కంపెనీ పట్టుబట్టింది. ఇలాంటి పనికి ఇద్దరం వెళ్తాం. ఆ రోజు నా తోటి ఉద్యోగికి జ్వరం రావడంతో ఒక్కదాన్నే బయలుదేరాను. ఇంకా ఇంట్లో ఉండగానే కేబుల్ కాంట్రాక్టర్ ఫోన్ చేశాడు. "మేడం, టెస్టింగ్ గిస్టింగ్ ఏం వద్దు. కాగితం పట్టుకొని రాండ్రి, చాలు." ఆ మాటతోనే నాకు గుబులు మొదలైంది.

లింగంపల్లిలో ఏడు దాటాక రైలెక్కాను. జనరల్ టికెట్ అరవై రూపాయలైంది. గంటలో వికారాబాద్, అక్కడి నుంచి ఇంకో ముప్పావు గంటలో తాండూరు. వికారాబాద్ దాటాక కిటికీలోంచి కనిపించే పచ్చదనం చూడాల్సిందే. నేను మాత్రం టెస్టర్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అది పోతే నా ఉద్యోగం కూడా పోతుంది. ధారూర్‌లో ఎక్కిన ఒక పెద్దమ్మ పెట్టె వైపు చూసి ఎక్కడికని అడిగింది. ఆసుపత్రి పేరు చెప్పాను. "గాడ పసిపిల్లల వార్డు తెరుస్తున్నరట గదా బిడ్డా! మంచిగైంది. మా చెల్లె మనుమన్ని హైదరాబాద్ తీస్కపోతుంటే తొవ్వలనే పానం పోయింది," అంది. నేను పెట్టె పట్టీని గట్టిగా పట్టుకున్నాను.

స్టేషన్ బయట ఇడ్లీ తిని, షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి ఆసుపత్రికి చేరేసరికి పదయింది. దారంతా నాపరాళ్ల లారీలు, తెల్లటి దుమ్ము. ముక్కుకు గుడ్డ కట్టుకోక తప్పదు. ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ ఇస్మాయిల్ భాయ్ నాకు తోడుగా నిలబడ్డాడు. నేను టెస్టర్‌తో కింద, కేబుళ్లన్నీ వచ్చి చేరే ర్యాక్ దగ్గర ఉంటే, ఆయన దాని రెండో భాగాన్ని పైన ఒక్కో గోడ సాకెట్‌కు తగిలిస్తూ పోయాడు. మిగతా గదులన్నీ పాసయ్యాయి. పసిపిల్లల వార్డులో మాత్రం ఇరవై నాలుగింటిలో పదకొండు ఫెయిల్. నా చేతిదే పొరపాటేమోనని మళ్లీ కొలిచాను. అవే పదకొండు. ఇస్మాయిల్ భాయ్ ఒక తీగను బ్లేడుతో గీశాడు. పైన రాగి పూత, లోపల తెల్లటి అల్యూమినియం. పైతొడుగు మీద మాత్రం అసలు రాగి అని అచ్చువేసి ఉంది.

"గీ వైర్ల మీదనే కరెంటు గూడ పోతది గదా మేడం?" అన్నాడు ఆయన గొంతు తగ్గించి. అవును. పిల్లల మానిటర్ల సమాచారాన్ని నర్సుల డెస్కుకు చేర్చే పెట్టెకు కరెంటు అందేది ఈ కేబుళ్ల మీదనే. వాడకం పెరిగితే అల్యూమినియం తీగలోంచి సరిపడా కరెంటు అందక అది ఆగిపోతుంది. ఎవరికీ చూపించకముందే ఫలితాలన్నీ ఫోన్‌లోంచి మా ఆఫీసుకు పంపేశాను.

ఇస్మాయిల్ భాయ్ ఆసుపత్రి నడిపే డాక్టర్ గారి కోసం వెళ్లగానే కాంట్రాక్టర్ వచ్చాడు. ర్యాక్ గది తలుపు మూసి, టెస్టర్ మీద చెయ్యి వేశాడు. నలభై ఏళ్ల బలమైన మనిషి.

"పాస్ అని రాయుండ్రి మేడం."

"రాయలేను."

"కాగితం రాకుంటే ఈ ఊళ్లె నేను తలెత్తుకోలేను. మీరు రాసేదాంక ఇది నా తాననే ఉంటది."

సంతకం పెట్టేసి పారిపోదామని ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. "ఫలితాలు ఆఫీసుకు పోయినయి. ఇప్పుడు నేను మార్చినా మారవు," అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. అంతలో హెడ్ నర్సు అనిత తలుపు తోసింది, వెనకే డాక్టర్ గారు, ఇస్మాయిల్ భాయ్.

"కొద్దిగా ఫెయిలైతే ఏమవుతుంది? రేపు అందరినీ పిలిచాను," అన్నారు డాక్టర్ గారు. మాటలతో చెప్పడం నావల్ల కాలేదు. ఆయన్ని నర్సుల డెస్కు దగ్గర కూర్చోబెట్టాం. వార్డులో కంపెనీ ట్రయల్‌కు పంపిన ఒక్క మానిటర్‌ను పెట్టి, నాడి కొలిచే దాని క్లిప్పును అనిత తన వేలికి తగిలించుకుంది. డెస్కు తెరమీద అంకెలు వచ్చాయి. అవే కేబుళ్ల మీద నడిచే కెమెరాలు, మిగతా పెట్టెలన్నీ ఆన్ చేయించాను. రెండు నిమిషాలకు తెర ఖాళీ అయింది. అప్పుడు అనిత క్లిప్పు తీసేసింది. లోపల మానిటర్ కూత పెడుతూనే ఉంది. మూసిన తలుపు ఇవతల డాక్టర్ గారికి ఏమీ వినబడలేదు. అనిత బయటికొచ్చి, "సార్, నా వేలు గాబట్టి సరిపోయింది," అంది. ఆయన ఫోన్ తీసి ప్రారంభం వాయిదా వేశారు.

టెస్టర్ నా చేతికొచ్చింది. గేటు దగ్గర కాంట్రాక్టర్ మెల్లగా అడిగాడు. "ఏ బండికి పోతున్నరు మేడం?" తడబడి నాలుగు గంటల రైలు పేరు చెప్పేశాను. ఇస్మాయిల్ భాయ్ స్కూటర్ మీద స్టేషన్‌లో దింపి, రైలు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడు. బోగీలోకి ఎవరు వచ్చినా కాంట్రాక్టర్ పంపిన మనిషేమోనని చూశాను. వికారాబాద్‌లో దిగిపోయి, బస్టాండుకు నడిచి హైదరాబాద్ బస్సెక్కాను. నా వెంట ఎవరూ రాలేదు. అయినా ఇల్లు చేరేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను.

మూడు వారాల తర్వాత తోటి ఉద్యోగితో కలిసి మళ్లీ వెళ్లాను. అదే కాంట్రాక్టర్ అసలు రాగి కేబుల్ తెచ్చి లైన్లన్నీ కొత్తగా లాగాడు. నా ముఖం చూడకుండా మంచినీళ్ల సీసా ఇచ్చాడు. ఇరవై నాలుగూ పాసయ్యాయి. ఆ రోజు నాకు ధైర్యం ఉందని ఇప్పుడు మా ఆఫీసులో అంటారు. లేదు. మూసిన గదిలో ఎంత భయపడ్డానో నాకు తెలుసు. అక్కడ పడుకోబోయే పిల్లలకు మాత్రం భయపడటం కూడా తెలియదు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒకటే చెబుతాను: ఒంటరిగా వెళ్లకండి. తోడు దొరక్కపోతే పనిని మర్నాటికి వాయిదా వేయండి.