ఎవరి మెడ మీద ఏ ఏడుపు

నీల రాసి తెచ్చిన కాగితాల్ని జానకమ్మ టీచర్ రెండోసారి కూడా వెనక్కిచ్చింది.

"ఏమనుకోకు బిడ్డా. ఇది సదువుతుంటె రేడియోల పంటల కార్యక్రమం విన్నట్టే ఉన్నది. వరికి తెగులొస్తె ఏం జల్లాలె, నీళ్ళెట్ల కాసుకోవాలె... నువ్వే ఆవులిస్తు రాసినవ్ గదా?"

నీల కాగితాల్ని సంచిలో పెట్టుకుంది. నిజంగానే ఆవలిస్తూ రాసింది.

అది 1991 వేసవి. సూర్యాపేట హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన జానకమ్మ, రాత్రి బడుల్లో అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పెద్దవాళ్ళ కోసం చిన్న చిన్న పుస్తకాలు వేయిస్తోంది. మిర్యాలగూడలో ఒక ప్రెస్సు అచ్చు వేసిపెడుతుంది. కథలు కాదు, ఉన్నవీ జరిగినవీ రాయాలన్నది ఆమె నియమం. తన దగ్గర చదువుకుని కోదాడలో పంతులమ్మ అయిన నీలను పిలిచి, ఈసారి పుస్తకం నువ్వే రాయమంది. విషయం మాత్రం నువ్వే వెతుక్కోవాలంది. నీలకు ఆ వెతుక్కోవడమే చేతకాలేదు.

"సెలవులు ఖతమయ్యేలోపు సెప్పు," అంది జానకమ్మ. "లేకుంటె ఇంకొకరికి ఇస్త. ప్రెస్సాయన ఆగడు."

నీల చివ్వెంల దగ్గరి తమ లంబాడీ తాండాకు బస్సెక్కింది. రాయడం తప్ప ఇంకేదీ ఆమె అంతగా కోరుకున్నది లేదు. ఆ ఒక్కటీ తనకు రాదేమోనని దారంతా భయపడుతూనే ఉంది.

ఇంటికి చేరేసరికి అక్కడ వేరే పరేషాన్. నీల పెదనాయన కూతురు సక్రి పెళ్ళి దగ్గర పడింది. తాండాలో పెళ్ళికూతురు అత్తారింటికి పోయే ముందు అయినవాళ్ళ మెడలు ఒక్కొక్కటే పట్టుకుని పాటకట్టి ఏడవాలి. దాన్ని ఢావలో అంటారు. ఆ ఏడుపు పుట్టుకతో రాదు, నేర్చుకోవాలి. ఇన్నేళ్ళూ నేర్పింది నీల నాయనమ్మ గౌరీబాయి. నిరుడు చలికాలంలో ఆమె పోయింది.

"ఏడ్వకుండ పోతె అత్తగారోళ్ళు ఏమనుకుంటరక్కా?" అంది సక్రి బిక్కమొహంతో. "ఈ పిల్లకు అయినోళ్ళ మీద ప్రేమ లేదు అంటరు. నువ్వు నాయనమ్మ పక్కలనే పండుకుంటుంటివి గదా, జర నేర్పు."

నీల చిన్నప్పుడే హాస్టలుకు వెళ్ళిపోయింది. నాయనమ్మ ఏడుపుల్లో ఆమెకు గుర్తున్నది ఒక్కటే. అదే నేర్పింది. సక్రి గొంతు మంచిది, రాగం తొందరగానే పట్టేసింది. చూద్దాం ఎట్లా వస్తుందోనని, పందిరి గుంజలు పాతుతున్న చిన్నాయన లింగ్యా మెడ పట్టుకుని మొదలుపెట్టింది.

"నీ పాలు తాగి పెరిగినా, నీ పాల రుణం ఎట్ల తీర్తు..."

లింగ్యా చేతిలోని గడ్డపార కింద పడింది. "నా పాలెప్పుడు తాగినవే నువ్వు?"

తాండా ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నీల కూడా కడుపు పట్టుకుని నవ్వింది. నాయనమ్మ పోయాక ఆమె అంతగా నవ్వడం అదే మొదలు.

"అది తల్లి మెడ మీద ఏడ్సేది పిల్లా! చిన్నాయనకు వేరే ఉంటది," అంటూ వచ్చింది మేనత్త కమలాబాయి. గౌరీబాయి కూతురే ఆమె. పెళ్ళి పనులకని అనంతగిరి వైపు తాండా నుంచి వచ్చింది. "నాకైతే అన్న ఏడుపే యాదున్నది. మా యమ్మ కొట్టి నేర్పింది."

"తండ్రిది నాకొస్తది," అంది ఇంకో ఆమె పిండి చేతులతోనే వచ్చి.

"నీకొస్తదా? నీ పెండ్లిల నువ్వు నవ్వినవ్, మేం సూడలేదా?"

"నవ్వినా, ఏడుపు మర్సిపోలే!"

ఒకరి వెంట ఒకరు చేరారు. ఎద్దుకు చెప్పే వీడ్కోలు ఒకామెకు వచ్చు, ఆడుకున్న తోటి పిల్లలకు చెప్పేది ఇంకొకామెకు వచ్చు. లింగ్యా ఊరుకోలేదు. "ఎద్దుదెందుకిప్పుడు? ట్రాక్టరుకు ఏడుపు కట్టుండ్రి," అన్నాడు. వాళ్ళు అతన్ని తరిమేశారు.

నాయనమ్మతోనే పోయిందనుకున్నదంతా ఇన్ని గొంతుల్లో ఉంది. నీల గుండెల మీది బరువు కొంచెం జరిగినట్టయింది.

కమలాబాయి అన్న ఏడుపు పాడింది. 'నీ గడపలో నాకొక చెంబు నీళ్ళు ఉంచన్నా, దూరం నుంచి దూపై వస్తా' అని దాని భావం. పాడి, ఆగి, చెప్పింది: "మీ బాపు మెడ పట్టుకునే గిది ఏడ్సిన. తర్వాత ఒక మాటకాడ ఇద్దరికీ చెడ్డది. శానేండ్లు మొకాలు సూసుకోలే. ఒకసారి ఎండకు తాళలేక గా గడపకాడికొచ్చిన. చెంబుల నీళ్ళున్నయ్. సల్లగున్నయ్. రోజూ నింపుతుండట మీ బాపు. నా తోటి మాత్రం మాట్లాడకపాయె!"

నీలకు తండ్రి ఫూల్‌సింగ్ గుర్తొచ్చాడు. పొద్దున లేవగానే ఆయన ఆ చెంబు నింపడం చిన్నప్పటినుంచీ చూసింది. ఎవరికోసమని ఎన్నడూ అడగలేదు.

"మరి మాటలెప్పుడు కలిసినయత్తా?" అని అడిగింది. ఆ పక్కనామె ఏడుపు వెనుక ఏం జరిగిందో అదీ అడిగింది. అడుగుతూనే ఉంది. పొయ్యి మీద అన్నం అడుగంటిందని లింగ్యా వచ్చి అరిచేదాకా ఎవరూ లేవలేదు.

పెళ్ళి నాడు సక్రి ఏ మెడ దగ్గరా తడబడలేదు. చిన్నాయన వంతు వచ్చేసరికి లింగ్యా ముందే ఏడ్చేశాడు.

ఆ తర్వాతి సోమవారం సూర్యాపేట బస్టాండులో, మిర్యాలగూడ బస్సు కోసం నిలబడ్డ జానకమ్మను నీల పట్టుకుంది. చెంబు సంగతితో మొదలుపెట్టింది. బస్సు వచ్చింది. కండక్టరు "అమ్మా, ఎక్కుతవా లేదా?" అన్నాడు.

"నువ్వు పో నాయనా. ఇంకోదానికొస్త," అంది జానకమ్మ అటు చూడకుండానే. "ఊఁ, కమలాబాయి నీళ్ళు తాగింది. తర్వాత?"

నీల చెప్పింది. ఎవరు ఎవరి మెడ మీద ఏం ఏడ్చారో, ఆ ఏడుపు విన్నవాళ్ళు తర్వాత ఏం చేశారో, తాండా తాండా తిరిగి అడిగి రాస్తానంది.

జానకమ్మ బెంచీ మీద కూర్చుండిపోయింది. "గింతసేపు నువ్వొక్కసారి ఆవులించలే," అంది. "రాయి. ప్రెస్సాయనకు నేను సెప్పుకుంట. ఆగుతడు, ఆగక ఏం జేస్తడు?"

నీలకు అప్పుడు ఆకలి తెలిసింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఇద్దరూ బస్టాండు హోటల్లో ఇడ్లీ తిన్నారు. తింటూనే జానకమ్మ ఇంకొక ఏడుపు గురించి అడిగింది.