మిద్దె మీద కావలి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉప్పుకు తాళం వేసేవాళ్ళు. పుంగనూరులో మా వీధిలో బియ్యం మూటలకు కూడా ఎవరూ తాళం వేసేవారు కాదు. మా అమ్మ మాత్రం ఉప్పుజాడీనీ ఊరగాయ జాడీలనూ గోడ బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడివేసుకుని తిరిగేది. ఆ తాళం ఎవరి కోసమో వీధిలో అందరికీ తెలుసు.

నాకు ఏడో ఏట ఒక జబ్బు వచ్చింది. పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బి కళ్ళు తెరుచుకునేవి కావు. తర్వాత కాళ్ళు ఉబ్బాయి, ఆ తర్వాత పొట్ట. మదనపల్లె ఆస్పత్రిలో డాక్టరు మూత్రపిండాల జబ్బు అన్నాడు. మాత్రలతో తగ్గుతుందనీ, మళ్ళీ వస్తుందనీ, మళ్ళీ తగ్గుతుందనీ, పెద్దయ్యేసరికి చాలామంది పిల్లలకు తనంతట తానే పోతుందనీ చెప్పాడు. ఇన్ని మాటల్లో అమ్మ చెవికి ఎక్కింది ‘మళ్ళీ వస్తుంది’ అన్నదొక్కటే. ఒళ్ళు ఉబ్బినన్నాళ్ళూ ఉప్పు తగలనివ్వద్దని ఆయన అంటే, ఉబ్బు తగ్గిన తర్వాత కూడా అమ్మ ఉప్పును నా దరిదాపులకు రానిచ్చేది కాదు.

రోజూ పొద్దున నా మూత్రాన్ని గాజుగొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద కాచి చూడాలి. తేటగా ఉంటే ఆ రోజుకు బాగున్నట్టు. విరిగిన పాలలా తెల్లగా గడ్డకడితే జబ్బు తిరగబెట్టినట్టు. అమ్మ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసేటప్పుడు నేను గొట్టాన్ని చూసేవాణ్ణి కాదు, అమ్మ ముఖాన్ని చూసేవాణ్ణి.

ఆ మాత్రలకు ఒక గుణం ఉంది. వేసుకున్నవాడికి విపరీతమైన ఆకలి పుడుతుంది. అంత ఆకలితో ఉప్పులేని సంగటి, ఉప్పులేని పప్పు తినేవాణ్ణి. కడుపు నిండేది గానీ నోటికి తిన్నట్టే ఉండేది కాదు. ముఖం గుండ్రంగా తయారైంది. బడి మాన్పించారు. బడికి పోయే పిల్లలు మా వాకిలి ముందు నుంచే నడిచేవాళ్ళు. మొదట్లో ఒకరిద్దరు తొంగిచూసి ‘గుమ్మడికాయ’ అని అరిచి పరిగెత్తేవాళ్ళు. తర్వాత అదీ మానేశారు. వెక్కిరింత ఆగిపోయినందుకు కూడా దిగులు పడొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నాన్న చౌడేపల్లె దగ్గర చేలోనే ఎక్కువ రోజులు ఉండేవాడు. అమ్మకు ఆవులు, పేడ, పాలు, ఇంటిపని. నేను పగలంతా నడవలో చాప మీద పడుకుని, మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షిలోంచి నేల మీద పడే ఎండ బిళ్ళను చూస్తూ ఉండేవాణ్ణి. అది రోలు దగ్గరికి జరిగేసరికి మధ్యాహ్నపు బడిగంట కొట్టేది. నాతో రోజంతా ఉండేది అదొక్కటే. మబ్బు పట్టిన రోజు అదీ ఉండేది కాదు.

ఆ ఏడు శివరాత్రి దాటాక, అమ్మకు చేయి సాయంగా ఉంటుందని మా మేనత్త కుప్పం నుంచి వచ్చింది. నాన్నకు అక్క. గట్టి మనిషి, గట్టి గొంతు. నన్ను చూసి అందరిలా నాలుక చప్పరించలేదు. కొన్నాళ్ళు ఊరికే గమనించింది. ఒక పొద్దున వడియాల పిండి ఉడికించి దించుతూ అమ్మతో అంది.

“పిల్లోణ్ణి ఇట్ల పండబెడితే ఒళ్ళు బాగైనా మనిషి పాడైపోతాడు మ్మే. మిద్దె మీద ఒడియాలు పెడతాండాను గదా, కావిలికి నాకొక మనిషి కావల్ల.”

“ఒడియాల కాడ వీడా? ఏం వదినా, పాలకు పిల్లిని కావిలి పెడతావా?”

“పిల్లి కాదు గదా మ్మే. నీ కొడుకు.”

అమ్మ ఇంకా ఏదో అనబోయింది గానీ అత్త అప్పటికే నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తోంది. మిద్దె మీద మెట్ల గది నీడలో నాకు చాప వేసింది. ఎదురుగా పాత చీర పరిచి వడియాలు పెట్టింది. పక్కన చాటలో చీల్చిన పచ్చిమిరపకాయలు, ఉప్పు మజ్జిగలో ఊరినవి. చేతికొక కట్టె ఇచ్చి చెప్పింది.

“ఇవన్నీ ఉప్పుతో చేసినేటివి. నీకు పనికిరావు. ఆ సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు. కాకులకే ఏమీ తెల్దు. వాట్ని సూసుకో.”

చెప్పి దిగిపోయింది.

ఎండే వడియం సంగతి ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది. పైన పొర కట్టి లోపల ఇంకా మెత్తగా ఉన్నప్పుడు దాని రుచి వేరు. మా వీధి పిల్లలంతా ఆ దశలోనే దొంగిలించేవాళ్ళు. మధ్యాహ్నం ఎండకు మజ్జిగ మిరపకాయల వాసన లేస్తే నా నోట్లో నీళ్ళు ఊరేవి, మింగేవాణ్ణి, మళ్ళీ ఊరేవి. అయినా ముట్టలేదు. నేను బుద్ధిమంతుణ్ణి కావడం వల్ల కాదు. ఆ ఇంట్లో నన్నెవరూ కాపలా కాయని చోటు అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

నేను కూర్చున్న సంగతి చూసి ఇరుగుపొరుగు వాళ్ళు కూడా తమ చాటలు తెచ్చిపెట్టసాగారు. పక్కింటి అవ్వ తన మిరపకాయలు తెచ్చింది. ఎదురింటివాళ్ళు మామిడి ముక్కలు తెచ్చారు. పైకి వచ్చినవాళ్ళు రెండు మాటలు మాట్లాడి పోయేవాళ్ళు. ఆ రెండు మాటల కోసం నేను పొద్దుటి నుంచీ ఎదురుచూసేవాణ్ణి. మిగతా పొద్దంతా కాకులూ, ఉడుతలూ, దూరంగా మదనపల్లె రోడ్డు మీద బస్సుల దుమ్మూ. ఒంటరితనం పోలేదు. కానీ చాప మీద పడుకుని ఒంటరిగా ఉండడం వేరు, చేతిలో పనితో ఒంటరిగా ఉండడం వేరు.

ఉగాది దగ్గరపడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మా అత్తా సంతకు పోయారు. ఉన్నట్టుండి గాలి లేచింది. పడమట నల్లగా కమ్ముకుంది. నేను కిందికి చూసి కేక వేశాను గానీ గాలికి ఎవరికీ వినిపించినట్టు లేదు. చినుకులు మొదలయ్యాయి. ఒక్కొక్క చాటా మెట్ల గదిలోకి మోశాను. చీరను నాలుగు మూలలూ పట్టి లాగాను. చివరగా అవ్వ మిరపకాయల చాట మిగిలింది. దాన్ని తెచ్చేసరికి నిలువునా తడిసిపోయాను. వాన తగ్గాక ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి, అన్నీ పొడిగా ఉండడం చూసి మెచ్చుకున్నారు. అత్త వచ్చి కొంగుతో తల తుడిచింది. ఆ సాయంత్రం నేను చాలా గొప్పవాణ్ణి.

తర్వాత జలుబు పట్టింది. దగ్గొచ్చింది. మరికొన్నాళ్ళకు ఒక పొద్దున గొట్టంలో తెల్లగా గడ్డకట్టింది.

అమ్మ దాన్ని చాలాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగి, “ఏం తింటివి?” అంది. ఏమీ తినలేదన్నాను. “మిద్దె మీద ఏం తింటివి, చెప్పు.” మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు తల దించుకున్నాను. అది ఒప్పుకున్నట్టు అయింది.

పక్కింటి అవ్వ వాకిట్లో నిలబడి, అందరికీ వినబడేటట్టే అంది. “ఆ వయసు పిల్లోడు, అంత వాసనకి నోరు కట్టుకుంటాడా? తినింటాడు లే. బిడ్డని అనేదేముంది, ఆడ కూసోబెట్టినోళ్ళని అనల్ల.”

ఆ పూటే ఒక్కొక్కరూ పైకెక్కి తమ చాటలు తీసుకుపోయారు. అవ్వ మెట్లు దిగుతూ దిగుతూ మిరపకాయలను చేత్తో కదిపి చూసుకోవడం నేను చూశాను. ఎవరూ నన్ను తిట్టలేదు. జాలిగానే చూశారు. నేను ఏడ్చాను. కళ్ళు అప్పటికే ఉబ్బి ఉన్నాయి కాబట్టి ఏడ్చినట్టు కూడా ఎవరికీ తెలియలేదు.

“నీ మాట ఇని నా బిడ్డకు నేనే చెరుపు చేసుకుంటిని వదినా,” అని అమ్మ వంటింట్లో అంటోంది. అత్త కాసేపటికి వచ్చి నా చాప మీద కూర్చుంది. నా పాదాన్ని బొటనవేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది.

“నోట్లో ఏసుకుంటివా అప్పా?”

“లేదత్తా.”

“సరే.”

రెండో ప్రశ్న వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆమె లేచిపోయింది. సాయంత్రమంతా వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఏదో కోస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున నన్ను లేపి, బరువెక్కిన కాళ్ళతో ఒక్కొక్క మెట్టే ఎక్కించింది. నీడలో కూర్చోబెట్టి, కొత్తగా చీల్చి మజ్జిగలో వేసిన మిరపకాయల చాట తెచ్చి నా మోకాలి పక్కన పెట్టింది. మెట్ల కింద అమ్మ వచ్చి నిలబడి ఉంది. “వదినా!” అన్న ఒక్క మాటలోనే కోపమూ ఏడుపూ రెండూ ఉన్నాయి.

“వాడు లేదన్న్యాడు మ్మే,” అంది అత్త. నాతో, “ఈ పొద్దు కాకులు జాస్తి ఉండాయి, సూసుకో” అంది.

దిగిపోయేటప్పుడు ఆమె వీపునే చూస్తూ ఉన్నాను. చివరి మెట్టు దాటేదాకా ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాతి రోజు ముగ్గురం మదనపల్లె పోయాం. మధ్యలో జలుబు, జ్వరం ఏమైనా వచ్చిందా అని డాక్టరు అడిగాడు. “వానలో తడిసినాడు సార్, వీధిలో వాళ్ళ ఒడియాలన్నీ మోస్తా,” అంది అత్త. ఈ జబ్బు చాలాసార్లు అలాంటి జలుబు వెనకే తిరగబెడుతుందనీ, ఉప్పు ఉబ్బును పెంచుతుందే తప్ప జబ్బును పిలుచుకురాదనీ ఆయన చెప్పాడు. అత్త గెలిచినట్టు ఎవరి వైపూ చూడలేదు. తిరుగు బస్సులో అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఒక చెయ్యి మాత్రం దారి పొడుగునా నా పాదం మీదే ఉంది.

చాటలు మళ్ళీ మిద్దెకెక్కాయి. అవ్వ తనది తెచ్చి, ఏమీ జరగనట్టు కబుర్లు చెప్పింది. నేనూ ఊ కొట్టాను. అత్త వేసవి చివర కుప్పం వెళ్ళిపోయింది. జబ్బు ఆ తర్వాత కూడా చాలాసార్లు వచ్చింది, నా వయసు పిల్లలతో ఉండవలసిన రోజుల్ని ఎన్నిటినో తీసుకుపోయింది. మీసాలు వచ్చే వయసుకు డాక్టరు చెప్పినట్టే తనంతట తానే పోయింది. కానీ ఆ రోజు తర్వాత గొట్టం తెల్లబడిన ఏ పొద్దునా నేను తప్పు చేసినవాడిలా తల దించుకోలేదు. ఒంటికి వచ్చినది ఒంటిది, నాది కాదు అనుకోగలిగాను.

ఇప్పుడు మదనపల్లెలో మా మనవరాలికి చక్కెర జబ్బు. పదేళ్ళు. వేలికి సూది గుచ్చి చూసే ఆ చిన్న యంత్రంలో అంకె పెరిగిందంటే ఇంట్లో అందరూ ఆ పిల్ల వైపే తిరుగుతారు. పోయిన నెల అలాగే తిరిగారు. ఏం తిన్నావని తల్లి, చాక్లెట్టా అని తండ్రి. అది పుస్తకంలో తల దూర్చింది. అందరూ వెళ్ళాక నేను పక్కన కూర్చుని అడిగాను. లేదు తాతా అంది. సరే అన్నాను.

అది నిజమే చెప్పిందో లేదో నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా మా అత్తకు నా సంగతి ఎలాగో తెలిసే ఉంటుందనుకుంటూ వచ్చాను. ఆ పిల్ల పక్కన కూర్చుని ఉండగా అర్థమైంది. ఆ రోజు ఆమెకు కూడా ఏమీ తెలియదు.