శుక్రవారం దించిన షట్టర్

వరల్డ్ కప్ కోసం ఖతర్ నిండా స్టేడియాలు లేస్తున్న రోజుల్లో దోహాలో ఉన్న మా అక్క ఇంటికి వెళ్ళాను. ఓ శుక్రవారం ఫోన్‌లో డేటా అయిపోయి, రీఛార్జ్ కోసం వీధి చివరి కొట్టుకి వెళ్తే షట్టర్ దించేసి ఉంది. జుమా నమాజు అయ్యేదాకా షాపులన్నీ మూయాలని అక్కడి చట్టమట. నాకు ఒళ్ళు మండింది.

"ఒక మతం ప్రార్థనకి అందరూ ఎందుకు మూయాలి? మన దగ్గరైతే కోర్టులో కేసేసేవాణ్ణి," అన్నాను, మెట్ల మీద కూర్చున్న మనిషితో. పేరు మల్లేశం, జగిత్యాల వైపు. స్టేడియం పని. కొబ్బరికాయ కోసం వచ్చాడు.

"నమాజు వాళ్లది తమ్మీ, వారానికొక్క చుట్టీ అందరిది. శనివారం చేసే హనుమంతుని పూజ మేం రూముల శుక్రవారమే చేస్తం. దేవుడు గూడ మా డ్యూటీ చూసుకొనే వస్తడు."

నవ్వుతుండగానే కంపెనీ వ్యాన్ వచ్చి ఆగింది. "మల్లేశ్, యల్లా! చలో!" సెలవు లేదు, ఈరోజూ పనుందని, ఎక్కకపోతే రేపట్నుంచి అసలు రావద్దని సూపర్‌వైజర్ హిందీలో అరిచాడు.

మల్లేశన్న లేవలేదు. షట్టర్ వైపు చెయ్యి చూపించాడు.

"ఆజ్ సబ్ బంద్ హై సాబ్. మై భీ బంద్."

నేను గొడవకి లేవబోతే నా మణికట్టు పట్టుకుని ఆపాడు. వ్యాన్‌లో ఉన్న తన రూమువాళ్ళని "దిగుండ్రి రా" అని పిలిచాడు. ఒక్కరూ తలెత్తలేదు. వ్యాన్ వెళ్ళిపోయింది.

"పిరికోళ్ళు," అన్నాను.

"అట్లనకు తమ్మీ. పోయిన శుక్రవారం నేను గూడ ఆ వ్యాన్లనే తల వంచుకొని కూసున్న."